గోడలపేటలో గొర్రెల విడిది

ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఆరింటికని చెబుతారు. ఆరింటికి డ్రైవరు కాఫీ తాగడం మొదలుపెడతాడు. కండక్టరు బస్సు నెత్తిన మూటలు సర్దుతాడు. బస్సు కదిలేసరికి ఆరున్నర దాటుతుంది. ఈ దారిన వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే స్థిమితంగా కూర్చుని ఇడ్లీ తినవచ్చు. నాకు తెలియదు కనుక చేతిలో పొట్లం పట్టుకుని పరుగెత్తాను. టిక్కెట్టు రూపాయి ఆరణాలు. కిటికీ పక్కన సీటు కావాలంటే కండక్టరును ముందు పలకరించాలి.

ఉదయగిరిలో రెండు రోజులున్నాను. కొండెక్కి కోట చూశాను. మోకాళ్ళ నొప్పి, అక్కడి వాళ్ళు చెక్కిన ఆరు కొయ్య గరిటెలు వెంట తెచ్చుకున్నాను. కోట గురించి ఇదివరకే చాలామంది రాశారు. నేను బయల్దేరిన అసలు పని ఆత్మకూరు దగ్గర ఉంది.

నెల్లూరు హైస్కూల్లో నాతో చదువుకున్న రంగయ్య శెట్టి ఇప్పుడు ఆత్మకూరులో బట్టల టోకు వర్తకుడు. పోయిన నెల సరుకు కోసం నెల్లూరు వచ్చి మా ఆఫీసు మెట్లెక్కాడు. "ఒరే పేపరోడా, నువ్వు వరదలొచ్చిన చోటికి పోతావు, కరువొచ్చిన చోటికి పోతావు. మనుషులు సుఖంగా బతికే చోటు గురించి ఒక్కసారన్నా రాసినావా? మా పేటకు వచ్చి మూడు రోజులుండు" అన్నాడు. అతనూ, బజారులో బాగా సంపాదించిన మరో ఏడుగురూ కలిసి ఊరి బయట స్థలం కొని ఇళ్ళు కట్టుకున్నారు. దానికి శాంతినగరమని పేరు పెట్టారు. ధనవంతుల పేటలో బతుకు ఎలా ఉంటుందో చూద్దామని నాకూ కుతూహలం పుట్టింది.

బస్సులో నా పక్కన కూర్చున్న ఖద్దరు కండువా పెద్దమనిషి, "యాడికి?" అని అడిగాడు.

"శాంతినగరం."

"అదేడుండాది?" అని ఆయన కండక్టరు వైపు చూశాడు.

"గోడలపేటయ్యా. రంగయ్య శెట్టిగారోళ్ళది" అన్నాడు కండక్టరు.

ఆ మాటతో పెద్దమనిషి జానెడు జరిగి నాకు చోటిచ్చాడు. నా కాళ్ళ దగ్గర కోళ్ళబుట్ట పెట్టుకున్న ఆమె దాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. అంతకు ముందు నా భుజం మీద నిద్రపోతున్న మనిషిని ఎవరో తట్టి లేపారు. పేటలో అడుగు పెట్టకముందే అక్కడి సుఖం కొంత నాకు అందింది.

ఎదుటి వరసలో ఒక గొర్రెల కాపరి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. భుజాన కొత్త కంబళి, కాళ్ళ మధ్య ఉప్పు మూట. గోడలపేట పేరు వినగానే వెనక్కి తిరిగాడు.

"ఆ పేటకేనా సామీ మీరు పొయ్యేది?"

అవునన్నాను. అతని పేరు పెంచలయ్య, ఉదయగిరి కొండ కింద పల్లె. ఏటా ఎండాకాలం మొదట్లో కొండ మీద గడ్డి అయిపోగానే మందను పెన్నా ఒడ్డుకు తోలుకుపోతాడు, వానలు పడ్డాక కొండకు తిరిగి వస్తాడు. ఈసారి మంద ముందు నడుస్తోంది. తమ్ముడు తోలుతున్నాడు. ఇతను గొర్రెలకు ఉప్పు తీసుకుని, దారిలో దిగి మందను కలుసుకోబోతున్నాడు.

"రేపు సందేళకు పేట కాడికి వస్తాం. ఆడ గేటు పెట్టినారంట. పొయినేడు లేదు. మా నాయన తోలిన దోవ అది. ఆయన నాయనా ఆ దోవనే తోలినాడు."

"పక్కనుంచి పోకూడదా?"

"ఒక పక్క చెరువు కింద వరి. గొర్రె దాంట్లో మూతి పెడితే రైతు నా మూతి పగలగొడతాడు. ఇంకో పక్క గుట్ట. చుట్టుకుని పోతే రెండు రోజులు, నీటి చుక్క దొరకదు. బస్సు రోడ్డున తోలితే లారీలు. మందలో ఈ నెల పుట్టిన పిల్లలుండాయి సామీ. రెండ్రోజులు నీళ్ళు లేకుండా ఎండలో నడిపిస్తే సగం పిల్లలు దోవలోనే పోతాయి."

ఈ మాటలు అతను వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ కొత్త కంబళి అంచు మాత్రం వేళ్ళతో మడుస్తూనే ఉన్నాడు.

"శెట్టిగారి చెవిన ఒక మాట వెయ్యండి" అన్నాడు చివరికి.

"వేస్తాను. వింటాడో లేదో చెప్పలేను."

"వినేవోడైతే గేటెందుకు పెడతాడు లెండి. అయినా వెయ్యండి."

అతను మధ్యలో ఒక పల్లె దగ్గర దిగిపోయాడు. పదిన్నరకు కండక్టరు నన్ను ఊరికి మైలు ఇవతల, గుట్ట పక్కన దింపాడు.

శాంతినగరం అంటే ఒకే ఒక వీధి. అటు నాలుగు ఇళ్ళు, ఇటు నాలుగు. అన్నీ సున్నం కొట్టిన మిద్దెలు. వీధిలో నిలబడి చూస్తే మిద్దెల పైభాగం మాత్రమే కనబడుతుంది. మనిషి నిలువును మించిన ప్రహరీ గోడలు, వాటి మీద గాజుపెంకులు. ఊళ్ళోవాళ్ళు ఈ పేటకు పెట్టిన పేరులో అబద్ధం లేదు. మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు ప్లాను గీశాడట. దొంగల భయం లేకుండా ప్రతి ఇంటికీ వీధి వైపు ఒకే గేటు పెట్టాడు, వెనక వాకిలి లేదు. కూర్చోవడానికి వీధి అరుగూ లేదు. వీధికి ఊరి వైపు కొస తెరిచే ఉంది. అటునుంచి వచ్చేవి జట్కాలూ, ఎద్దుబండ్లూ. కొండ వైపు కొసకు మాత్రం ఇనుప గేటు పెట్టారు. అటునుంచి వచ్చేవి గొర్రెలు.

ఆ గేటు పక్కనే చిన్న గదిలో కాపలాదారు మస్తాన్ ఉంటాడు. నా పెట్టె అందుకుంటూ, "గట్టిగా మాట్లాడబాకండి సామీ, ఈడ రూలు" అన్నాడు గుసగుసగా.

రంగయ్య కొట్లో ఉన్నాడు. భార్య సుభద్రమ్మ మజ్జిగ ఇచ్చి, ఇల్లంతా తిప్పి చూపించింది. నేల నునుపుగా ఉంది, గాలి ధారాళంగా వస్తోంది. నాకిచ్చిన గదిలో మంచం, దోమతెర, అద్దం ఉన్నాయి. ఇంతకంటే మంచి బస నేను నెల్లూరులోనూ ఎరగను. ఇలాంటి చుట్టరికం లేని ప్రయాణికులు ఊళ్ళో సత్రానికి పోవచ్చు. అక్కడ అద్దె లేదు, దోమతెరా లేదు.

"సుఖంగా ఉండాది గదమ్మా" అన్నాను.

"ఉండాదన్నా. ఊళ్ళో కొట్టు మీద కాపరం ఉన్నప్పుడు ఒక్క నిమిషం తోచకపోవడం అనేది ఎరగను. పక్కింటామెకు గోడ మీదనుంచి కూర గిన్నె అందించేదాన్ని. ఇప్పుడు గోడ మీద గాజుపెంకులు" అని నవ్వేసింది. "ఎదురింటి కోటయ్యగారి భార్య మా పెళ్ళినాటి నుంచీ తెలుసు. ఆమెను చూడాలంటే మస్తాన్‌తో ముందు కబురు చేయాల. ఆమె నగలు పెట్టుకుని కూర్చుంటాది. నేనూ పెట్టుకుని పోవాల. అందుకే పోయేది తగ్గించుకున్నాం."

పన్నెండు దాకా వీధిలో ఒక్క మనిషి కనబడలేదు. పేటలో అమ్ముకునేవాళ్ళు కేకలు వేయకూడదని పేటవాళ్ళు పెట్టుకున్న సంఘం నియమం. కూరగాయల ఆమె ఊరి వైపు కొసన బుట్ట దించుకుని నిలబడుతుంది. ఆమె కేకను మస్తాన్ తన నోట మోసుకొస్తాడు. ప్రతి గేటు దగ్గరా ఆగి, దేవుడి గుళ్ళో మంత్రం చెప్పినట్టు, "వంకాయలమ్మా, లేతవి" అని మెల్లగా చెప్పి పోతాడు.

ఇంకో నియమం ప్రకారం పేటలో అంగడి పెట్టకూడదు, బేరసారాలు చేయకూడదు. బజారు గోల భరించలేకనే కదా ఇంత దూరం వచ్చింది. దాని ఫలితం సాయంత్రం చూశాను. దీపాల వేళకు సుభద్రమ్మకు అగ్గిపెట్టె అయిపోయింది. జిల్లా అంతటికీ సరుకు పంపే ఎనిమిది మంది వర్తకులున్న వీధిలో ఒక అగ్గిపెట్టె దొరకలేదు. ఎదురింట్లో అడగమని నేనంటే ఆమె, "బాగుండదన్నా. అగ్గిపెట్టె లేని ఇల్లనుకుంటారు" అంది. మస్తాన్ సైకిల్ తొక్కుకుంటూ ఊళ్ళోకి పోయి తెచ్చాడు.

ఏడింటికి అన్ని ఇళ్ళలోనూ బ్యాటరీ రేడియోలు ఒక్కసారిగా పలికాయి. వార్తలు. అప్పుడు వీధిలో ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాను. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. ఒక గోడ వెనక మొదలైన వాక్యం మరో గోడ వెనక పూర్తయింది.

రంగయ్య వచ్చాక చేతిలో లాంతరుతో తోట చూపించాడు. తోట అనడం స్నేహధర్మం. బెంగళూరు గులాబీలు పుల్లలై నిలబడ్డాయి. నిమ్మమొక్కలు పసుపు పచ్చగా ఉన్నాయి.

"నీళ్ళకు లోటు లేదురా. గరుసు నేల, బలం లేదు. సీమ ఎరువు బస్తా తెప్పించి వేస్తే ఉన్న ఆకులు కూడా మాడిపోయినాయి. అందరి తోటలూ ఇంతే. ఎవురూ చెప్పుకోరు."

"పశువుల పెంట వెయ్యకూడదా?"

"పేటలోకి పశువు రాకూడదని తీర్మానం గదా. చేసింది నేనే" అన్నాడు.

ఎనిమిదింటికి సంఘం పెద్దలు రంగయ్య వరండాలో చేరారు. ధాన్యం కోటయ్య, బెల్లం ఆదెయ్య, మిగిలినవారు. వేరుశెనక్కాయల ధర గురించి మాట్లాడాక మంద సంగతి వచ్చింది. గేటు పెట్టాక రాబోతున్న మొదటి మంద ఇదే. పెంచలయ్య మాట వేయడానికి ఇదే సమయమనిపించింది. వేశాను. దారి పాతదని, పిల్లలు చచ్చిపోతాయని చెప్పాను.

"పొయినేడు నువ్వు చూళ్ళా" అన్నాడు రంగయ్య. "సున్నం గోడలకు ఒళ్ళు రుద్దుకుని నూనె మరకలు చేసి పెట్టినాయి. క్రోటన్లు ఒక్కటి మిగల్లా. దుమ్ము, కంపు."

"ఒక మందను వదిల్తే రేపు పది వస్తాయి" అన్నాడు కోటయ్య. "పల్లె కావాలంటే పల్లెలోనే ఉందుము. ఇంత పెట్టి గోడలెందుకు?"

ఆదెయ్య అవునన్నాడు. అందరూ తల ఊపారు. గేటు తీయరాదని మళ్ళీ ఒకసారి తీర్మానించి, తాంబూలాలు వేసుకుని ఎవరి గోడల వెనక్కి వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున రంగయ్యతో జట్కాలో ఊళ్ళోకి వెళ్ళాను. జట్కాకు రెండణాలు. బజారులో హోటల్లో రెండిడ్లీ, కాఫీ రెండున్నర అణాలు. పచ్చడి కారం, కాఫీ మంచిది. మధ్యాహ్నం భోజనం ఆరణాలు, గోంగూర కావాలంటే పన్నెండు లోపు పోవాలి. తాలూకా కచేరీకి పనుల మీద వచ్చినవాళ్ళు, అనుమసముద్రంపేట దర్గాకు పోయే యాత్రికులు, కలువాయి నుంచి పెళ్ళి బట్టలకు వచ్చిన రైతులు, అందరితోనూ బజారు కిటకిటలాడుతోంది. కొట్లో పరుపు మీద కూర్చున్న రంగయ్య నేను రాత్రి చూసిన మనిషి కాదు. ఒకడితో హాస్యమాడి, ఒకడిని తిట్టి, ఒకామెకు చీర విప్పి చూపిస్తూ ఆమె పుట్టింటి క్షేమాలు అడిగి, గొంతు పోయేదాకా అరిచాడు. నాతో మాత్రం, "చూసినావా, ఎంత నరకమో. సాయంత్రం ఎప్పుడు పేటకు పోదామా అని ఉంటాది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది.

నేను నాలుగింటికి పేటకు తిరిగివచ్చాను. కొండ వైపు నుంచి ముందు దుమ్ము కనిపించింది, తరువాత మెడ గంటలు వినబడ్డాయి, ఆ పైన మంద వచ్చింది. రెండు వందలకు పైగా గొర్రెలు. ముందు ఒక నల్ల మేకపోతు, గడ్డం పెంచిన మునసబులా నడుస్తోంది. చివర పెంచలయ్య తమ్ముడు కంబళిలో రెండు పిల్లల్ని మోసుకొస్తున్నాడు. మంద గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

మస్తాన్ తీయలేనని చెప్పాడు. తమ్ముడితో పాటు వచ్చిన పెంచలయ్య మందను గేటు బయట మైదానంలో పండబెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని చుట్ట వెలిగించాడు.

"నీ మాట వేశాను పెంచలయ్యా. పని కాలేదు" అన్నాను.

"తెలుసు సామీ. పొద్దున దాకా చూస్తా. తియ్యకపోతే గుట్ట చుట్టుకుని పోవాల్సిందే" అన్నాడు. ఒక పిల్లను దగ్గరికి తీసుకుని దాని ముక్కు తడిమి చూశాడు. "ఇది మాత్రం అంత దూరం నడవదు."

నేను మస్తాన్ గదిలోకి వెళ్ళి టీ తాగుతూ కూర్చున్నాను. గది కిటికీ గేటు వైపు ఉంది. పొద్దు వాలుతుండగా కర్ర ఊపుకుంటూ కోటయ్య షికారుకు వచ్చాడు. గేటు ఊచల్లోంచి చూశాడు.

"మంద నీదేనా?"

"నాదే సామీ."

"లోపలికి వదిలేది లేదు. తీర్మానం అయిపోయింది."

"విన్నాను సామీ."

కోటయ్య కదల్లేదు. రెండుసార్లు దగ్గాడు. "పెంట బాగా పడతాదా?"

"గొర్రెకు ఇంకేం పని సామీ."

కోటయ్య గొంతు తగ్గించాడు. "మా దొడ్లో నిమ్మచెట్లు ఎండిపోతాండాయి. ఒక్క రాత్రి మంద పండబెట్టు. గింజలిస్తా. మొత్తం మంద నాకే కావాల, పంచేది లేదు. ఎవురికీ చెప్పబాకు, ముఖ్యంగా ఆ రంగయ్యకు." తరువాత మస్తాన్‌ను పిలిచి, "రేడియోలో వార్తలు మొదలైనాక గేటు తియ్. ఆ వేళకు వీధిలో ఎవురూ ఉండరు" అని చెప్పి, కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

పొలాల్లో రాత్రిపూట మంద కట్టించుకుని, కాపరికి గింజలిచ్చి ఎరువు చేసుకోవడం ఈ సీమలో రైతులంతా చేసేదే. ఈ శెట్లంతా పల్లెల్లో పుట్టినవాళ్ళే కనుక ఆ సంగతి వాళ్ళకు తెలియనిది కాదు.

తరువాత ఆదెయ్య వచ్చాడు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. "కోటయ్య ఎంతిస్తానన్నాడు?" అని మొదటే అడిగాడు.

"కోటయ్యగారెవురు సామీ" అన్నాడు పెంచలయ్య.

"మంచిది. ఎంతిచ్చినా దాని మీద ఒక కుంచం గింజలు. మొత్తం మంద నాకే." మస్తాన్‌తో, "వార్తలప్పుడు తియ్" అన్నాడు.

ఆ తరువాత మరొకరు, మరొకరు. ప్రతివాడూ టోకు వర్తకుడే కనుక మంద మొత్తం తనకే కావాలన్నాడు. ప్రతివాడూ ఒక కుంచం పెంచాడు. బేరం కూడదని కట్టుకున్న పేటలో, బజారులో కూడా వినని బేరం గుసగుసలుగా సాగింది. పెంచలయ్య అందరికీ "సరే సామీ" అన్నాడు. మస్తాన్ అందరికీ "అట్నే సామీ" అన్నాడు.

ఆఖరున రంగయ్య వచ్చాడు. కొట్టు నుంచి ఆ రోజు తొందరగా వచ్చినట్టున్నాడు. బేరం ముగించి, "సంఘం పెద్దను నేను. బయటికి పొక్కితే నా పరువు పోతాది" అంటూ ఇటు తిరిగి, కిటికీలో నా ముఖం చూశాడు.

"ఒరే పేపరోడా. నువ్వీడుండావా?"

"టీ తాగుతున్నాను."

"రాయబాకు."

"ఏది?"

"ఏదీ" అని గబగబా వెళ్ళిపోయాడు.

నేను బయటికి వచ్చి పెంచలయ్యను అడిగాను. "అందరికీ సరే అన్నావే, ఒక్క మంద ఎన్ని దొడ్లలో పడుకుంటుంది?"

"గేటు తియ్యమని నేను ఒక్కరినీ అడగలా సామీ. వాళ్ళే తీస్తామంటాన్నారు. వద్దనేదానికి నేనెవుర్ని" అన్నాడు చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుంటూ.

ఏడింటికి రేడియోలు పలికాయి. మస్తాన్ ఎనిమిది మంది మాటా ఒకేసారి పాటించి గేటు తీశాడు. మేకపోతు లోపలికి నడిచింది. దాని వెనక మంద నీళ్ళు పారినట్టు వీధిలోకి వచ్చి, ఈ గోడనుంచి ఆ గోడకు నిండింది. పెంచలయ్య నాలుకతో టక్కుటక్కుమంటూ వెనక నడిచాడు. రేడియోలో ఎక్కడో వంతెన కట్టబోతున్న వార్త వస్తోంది. అది సగంలో ఉండగా ఎనిమిది గేట్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఒక్కొక్క గేటులో ఒక్కొక్క శెట్టి, ఒక్కొక్క లాంతరు. కోటయ్య చేతిలో గొర్రెల్ని పిలవడానికి వేపరొట్ట కూడా ఉంది.

ఒకరినొకరు చూసుకున్నారు. గొర్రెలు అరుస్తున్నాయి. ఆదెయ్య లాంతరును వీపు వెనక్కి దాచుకున్నాడు. వెనక మిద్దె సున్నం మీద పడి దాని వెలుగు ఇంకా పెరిగింది.

మొదట వినిపించింది సుభద్రమ్మ నవ్వు. భర్త భుజం మీదుగా చూసి, గోడ పట్టుకుని నవ్వింది. "రాత్రి కూర్చుని మీరంతా తీర్మానం చేసింది దీనికేనా?" ఎదురింట్లో కోటయ్య భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఆమె మెడలో ఒక్క నగ లేదు. ఒక్కొక్క గేటులోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు.

"ఏందయ్యా కోటయ్యా, పల్లె కావాలంటే పల్లెలోనే ఉందుమన్నావే" అన్నాడు రంగయ్య.

"తీర్మానం రాసినోడివి నువ్వు. నీ చేతిలో లాంతరెందుకుండాది?"

"నిన్ను పట్టుకుందామని."

"గడ్డి మోపు గూడా నన్ను పట్టుకునేదానికేనా? నీ గేటు పక్కన కనపడతాండాది" అన్నాడు కోటయ్య.

ఆ పైన బేరం బాహాటంగా మొదలైంది. బజారులో లాగే అరిచారు. కొలతలు పెరిగి కుంచాలు తూములయ్యాయి. నేను వచ్చాక ఆ వీధిలో మనుషులు గొంతెత్తి మాట్లాడడం అదే మొదటిసారి. ఎవరూ రేడియోలు ఆపలేదు, ఎవరూ వినలేదు కూడా.

పెంచలయ్య చివరికి చెయ్యెత్తాడు. "సామీ, మంద మేకపోతు యాడ పండుకుంటే ఆడ పండుకుంటాది. నేను ఒక దొడ్డికి తోలితే ఏడుగురికి మాట తప్పినట్టు."

అందరూ మేకపోతు వైపు చూశారు. అది రంగయ్య గేటు దాకా వెళ్ళి గడ్డి వాసన చూసింది, కోటయ్య గేటు దగ్గర వేపరొట్ట నాలుగు ఆకులు తిన్నది, ఇద్దరికీ మొహం తిప్పేసి వీధి నడిమధ్యన కూలబడి నెమరు వేయసాగింది. మంద దాని చుట్టూ సర్దుకుంది.

"వీధి అందరిదీ గదా సామీ" అన్నాడు పెంచలయ్య.

గాలికి రంగయ్య లాంతరు ఆరిపోయింది. సుభద్రమ్మ మంద మీదుగా ఎదురింటి వైపు, "అక్కా, అగ్గిపెట్టె ఉంటే ఇట్టా వెయ్" అని కేకేసింది. అగ్గిపెట్టె గొర్రెల మీదుగా ఎగిరి వచ్చింది.

తెల్లవారి లేచేసరికి పేటలో ఆడవాళ్ళంతా చీపుళ్ళు, గంపలు పట్టుకుని వీధిలో ఉన్నారు. అంత ఖరీదైన చీరల్లో పెంట ఎత్తడం నేను మరెక్కడా చూడలేదు. ఎవరి గేటు ముందుది వాళ్ళకనుకున్నారు గానీ, మేకపోతు ఆ హద్దులు పాటించలేదు. పంపకాల్లో మళ్ళీ మాటా మాటా వచ్చింది, నవ్వులు వచ్చాయి. కోటయ్య భార్య తన గంపలోంచి రెండు దోసిళ్ళు సుభద్రమ్మ గంపలో వేయడం నేను చూశాను. గోడల మీద నూనె మరకలు పడ్డాయి. క్రోటన్ల మాట ఎవరూ ఎత్తలేదు.

మంద లేచి ఊరి వైపు కొసనుంచి పెన్నా దారి పట్టడానికి సిద్ధమైంది. నడవలేదన్న పిల్ల పెంచలయ్య కొత్త కంబళిలో ఉంది. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఇచ్చిన గింజల మూటలు తమ్ముడి నెత్తిన ఉన్నాయి.

"ఇంకో నాలుగు రాత్రులుండరాదా?" అన్నాడు రంగయ్య.

"ఉండలేను సామీ. పిల్లలకు నీళ్ళు కావాల. వానలు పడ్డాక తిరుగు దోవలో వస్తా. అప్పుడు తొందరుండదు. ఒక్కో రాత్రి ఒక్కో దొడ్లో కడతా." గేటు వైపు చూశాడు. "తీసి ఉంటే."

మస్తాన్ గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మూసేదా సామీ?"

రంగయ్య కోటయ్య వైపు చూశాడు. "మూస్తే వేరే మందలు గూడా గుట్ట చుట్టుకుని పోతాయి. ఆ గొలుసు తీసుకుపోయి మా ఎద్దుకు కట్టుకుంటా" అన్నాడు కోటయ్య.

ఆ రోజు పదకొండు గంటల నెల్లూరు బస్సుకు రంగయ్య బజారులో నన్ను ఎక్కించాడు. దారిలో తినమని సుభద్రమ్మ ఇచ్చిన పులిహోర పొట్లం చేతికిచ్చాడు. బస్సు కదులుతుండగా కిటికీ దగ్గరికి వచ్చి, "రాసుకోరా. తోట చిగురేసిందని గూడా రాసుకో" అన్నాడు.

"ఇంకా వెయ్యలేదు గదరా."

"నువ్వు అచ్చేసేలోగా వేస్తాది."

ధనవంతుల పేటలో బతుకు ఎలా ఉంటుందని అడిగేవారికి నా దగ్గరున్న జవాబు ఇది. గాలి మంచిది, నీళ్ళు మంచివి, మంచం మంచిది. అక్కడివాళ్ళు అన్నీ కొని తెచ్చుకున్నారు. వీధిలోకి రావడానికి ఒక వంక మాత్రం ఏ కొట్లోనూ దొరకలేదు. అది కొండ దిగి, నడిచి వచ్చింది.

సంగం దగ్గర ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. కాసేపు చూశాడు, ముక్కు చిట్లించాడు, జానెడు దూరం జరిగాడు.

"మీది గొర్రెల యాపారమా?"

"కాదు. గోడలపేటలో చుట్టపుచూపుకు వెళ్ళి వస్తున్నాను."

ఆయన నవ్వాడు. "నాకు చెప్తారేంది సామీ. గోడలపేటలోకి గొర్రె యాడ పోతాది?"

ఆయన జరిగిన చోట కాళ్ళు చాపుకుని, పులిహోర పొట్లం విప్పాను.